నీళ్లెటు పోయినయ్?

భరత్ ఆ రోజు పొద్దున కారులో నీళ్లు పోశాడా, లేదా? యల్లమ్మ చనిపోయినప్పటి నుంచి సోలాపూర్‌లో కుమఠా నాకా వెనక గల్లీలో ఇదొక్కటే ముచ్చట. పెళ్లయి వచ్చిన నాటి నుంచి కండెల మిషను ముందు కూర్చుని ఆమె ఎంత నూలుదుమ్ము మింగిందో ఎవరూ అడగలేదు. ఊపిరితిత్తులు దూదితో నిండిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు ఎవరి గొంతూ లేవలేదు. కొడుకు నీళ్లు పోశాడా లేదా అనేదానికి మాత్రం గల్లీకంతా నోరొచ్చింది. దగ్గర దొరికినవాణ్ని పట్టుకోవడం ఎప్పుడైనా సులువే.

జరిగింది ఇది. పుణెలో ఛాతీ డాక్టరుకు చూపించాలని యల్లమ్మను భరత్ తన కారులోనే బయల్దేరదీశాడు. కిరాయికి తిప్పే పాత డీజిల్ కారు. ముందు సీట్లో తల్లి. వెనక అక్క మయూరి, ఆమె మోకాళ్ల మధ్య చిన్న ఆక్సిజన్ సిలిండరు. పక్కన, తోడుకు వచ్చిన పక్కింటి సీతాబాయి, కార్ఖానాలో యల్లమ్మ పక్క మిషను ఆమెదే. పుణె దారిలో మోహోళ్ దాటాక బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. ఇంజను ఆగిపోయింది. చల్లారాక మూత తీసి చూస్తే కూలెంట్ డబ్బా ఎండిపోయి ఉంది. ఇంజను ఉడికిపోకుండా కాపాడే పచ్చటి నీళ్లు, చుక్క లేవు. అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తున్నాం, వస్తున్నాం అన్నారు. లారీలు చేయెత్తినా ఆగలేదు. అంబులెన్సు కంటే ముందు సిలిండరు అయిపోయింది. కూర్చున్న సీట్లో కూర్చున్నట్టే యల్లమ్మ పోయింది.

మయూరి అప్పుడు ఏడవలేదు. సిలిండరు మీది పిడిని ఇటు తిప్పుతూ, అటు తిప్పుతూ చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత కూడా ఏడుపు రాలేదు. రావాలి కదా అని ఒకటి రెండుసార్లు ఎదురుచూసింది.

"డబ్బా ఎండిపోయింది. నా కండ్లతోని చూసిన." సీతాబాయి పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. "పోరడు పొద్దుగాల్ల లేచి ఫోన్ చూసుకుంట కూసున్నడు. తల్లిని ఎక్కించుకొని దూరం పోతున్నం గదా, జరా డబ్బా ఝాకణ్ తీసి చూద్దమన్న సోయి లేకపాయె."

భరత్ ఒకటే మాట అన్నాడు. "పోసిన. గుర్తు దాకా పోసిన." రెండోనాటికి ఆ మాట కూడా మానేశాడు.

తండ్రి సిద్ధరాములు భార్యకు నిప్పు పెట్టి వచ్చాడు. కాళ్లు కడుక్కుని గడప మీదే నిలబడి చెప్పాడు. "దినాల నాడు పిండం నేనే పెడ్త. వీడు ఆడికి రావద్దు. వీని చేతిది అది ముట్టది."

కొడుకు పేరు కూడా ఎత్తలేదు. నేతవాళ్ల ఇళ్లలో ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. తల్లికి పిండం పెట్టనివ్వని కొడుకును రేపు పెళ్లికి ఎవరు పిలుస్తారు? వాడి కారు ఎవరు ఎక్కుతారు? పదోరోజు లోపల ఏదో ఒకటి తేలాలి. భరత్ గోడకు ఆనుకుని కూర్చుని లాక్కొచ్చి గల్లీలో నిలబెట్టిన కారునే చూస్తున్నాడు. వాడు కదలడు. కాబట్టి తేల్చాల్సింది మయూరి.

ఆమె ఇంట్లోనే టవళ్ల అంచులు కుట్టే పని చేస్తుంది. కారు గురించి ఏమీ తెలియదు. అడగడం మాత్రం తెలుసు. భరత్ ముందు గొంతుకూర్చుంది.

"నిజం చెప్పు. పోసినవా?"

"పోసిన అంటి గదక్కా."

"అంతకుముందు ఎన్నడు పోసినవు?"

"ముందురోజు."

"ముందురోజెందుకు?"

"రోజూ తగ్గుతుంది. శివరాత్రి కాడికెల్లి తగ్గుతుంది. రోజూ పోస్తున్న."

మయూరి తమ్ముడి మొహం చూసింది. "మరి కారుతున్నట్టే గదరా?"

"కింద పడ్తే గదా! అట్ట పరిచి చూసిన. పొద్దుగాల్ల లేచి చూస్తే అట్ట ఎండగనే ఉంటది. ఒక్క చుక్క గూడ లేదు."

"గ్యారేజిల చూపియ్యకపోతివి?"

"వాడు రెండు దినాలు బండి ఆడనే పెట్టుకుంటడు. కిరాయి ఎవడు కొట్టాలె? నీళ్లు పోస్తే నడుస్తుంది గదా అనుకున్న."

మయూరికి కోపం రావాల్సింది. రాలేదు. ఇంట్లో ప్రతి పనీ అట్లాగే నడుస్తుంది. నడుస్తుంది కదా అని నడుస్తుంది.

హోట్గి రోడ్‌లో తేజస్‌కు గ్యారేజీ ఉంది. భరత్‌తో బడిలో చదివినవాడు. మయూరి ఫోను చేస్తే సామాను వేసుకుని వచ్చాడు. కొత్తగా నీళ్లు నింపాడు. సైకిలు పంపులాంటిదాన్ని, పైన ముల్లు ఉన్నదాన్ని, డబ్బా మూతికి బిగించి గాలి కొట్టాడు. ముల్లు పైకి లేచింది. తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"చూడు తాయీ, ముల్లు పడ్తుంది. అంటే యాడనో పోతుంది."

"యాడ?"

కారు కిందికి దూరాడు. పైపులన్నీ తడిమాడు. రేడియేటర్ వెనక టార్చి కొట్టాడు. లోపల కూడా వంగి, సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట చేయి పెట్టి, పరిచిన టవలు తడిమి, ఎండగుంది అన్నాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది హుండీ లెక్కుంది తాయీ. ఏసింది లోపలికి పోతది, బయటికి రాదు."

"ఇంజనే తాగుతుందేమో?"

"ఇంజను తాగితే పొగ తెల్లగ రావాలె. ఆయిల్ మజ్జిగ లెక్క కావాలె. రెండూ లేవు. నాకు సమజ్ అయితలే."

సీతాబాయి తన గడపలో బియ్యం ఏరుతూ అన్నీ వింటోంది. "పోస్తే గదరా కారేది! పొయ్యని నీళ్లు యాడికెల్లి కార్తయి?"

"మావశీ, ముల్లు దిగుతుంది, కనవడ్తలేదా?"

"నీ ముల్లు నాకెందుకురా? నేను డబ్బా చూసిన."

సిద్ధరాములు బయటికి వచ్చాడు. ముల్లు వంక కాసేపు చూశాడు. ముప్పొద్దులా సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, బతికినవాడు. మిషనుకు ఏమైనా కావచ్చని తెలియనివాడు కాదు. "కారుతుందే అనుకో," అన్నాడు తేజస్‌తో. "ఆ దినం ఇంజను ఉడికింది. కారి ఉడికిందా, ఉడికినంక పగిలి కారుతుందా? ఎవడు చెప్పాలె?"

తేజస్ పంపు విప్పాడు. సిద్ధరాములు లోపలికి పోయాడు. ముసలాయన అన్నది సరిగ్గానే ఉంది, అదే కష్టం. కారు కారుతోందని చూపిస్తే చాలదు. యల్లమ్మ బతికి ఉండగానే కారుతూ ఉండిందని చూపించాలి.

తేజస్ పోతూ పోతూ భరత్ భుజం మీద చేయి వేశాడు. "చాయ్ తాగొద్దం పద." భరత్ లేవలేదు. చేయి తీసేసి తేజస్ పోయాడు.

పదోరోజుకు ముందునాడు ఇల్లంతా కడగాలి. పోయిన మనిషి కట్టినవి, కప్పుకున్నవి, కూర్చున్నవి, అన్నీ ఉతకాలి. అది ఆచారం. మయూరి దుప్పట్లు, దిండు గలీబులు, తల్లి రెండు చీరలు కుళాయి దగ్గర వేసి బండకేసి బాదుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. సీతాబాయి తన బిందె పట్టుకుని వచ్చి నిలబడింది.

"కారులయి తీసినవా?"

"ఏంటియి?"

"అగ, ఆమె పానం యాడ పోయింది? ఆ సీట్లనే గదా. సీటు మీద చాదర్, కింద టవల్లు, అవన్ని మైల గాదా? తియ్యి, తియ్యి. రేపు ఇంట్ల పెట్టుకుంటవా వాటిని?"

సోలాపూర్‌లో నేతవాళ్ల బండి ఏదైనా ఒకటే తీరు. సీటుకు చాదరు, కాళ్ల కింద టవలు. కార్ఖానాలో నేత తప్పిపోయి పక్కన పడేసినవి. ఎవరూ రబ్బరు పట్టాలు కొనరు. మయూరి వెనక డోరు తీసి రెండు టవళ్లు లాగింది. డ్రైవరు వైపు ఒకటి లాగింది. తర్వాత తల్లి కూర్చున్న వైపు వచ్చి వంగింది.

పై టవలు ఎండగా ఉంది. దాన్ని తీస్తే కింద ఇంకోటి. అది కూడా పైకి ఎండగానే ఉంది కానీ ఎత్తితే బరువుగా వచ్చింది. దాని కింద ఇంకోటి. దాన్ని ఎత్తితే మణికట్టు మీదుగా పచ్చటి నీళ్లు కారాయి. మయూరి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యటి వాసన. కారులో చాలా రోజుల నుంచి ఉన్న వాసనే. అమ్మ దగ్గుమందు ఒలికిందనుకున్నారు అందరూ. ముందు అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారితే, అమ్మ దగ్గి దగ్గి అట్లా అయిందనుకున్నారు. అన్నిటికీ అమ్మ రోగమే కారణమైపోయింది.

అది రెండు వైపులా పోగులు లేచిన మందపాటి టవలు. ఎంత పోసినా తాగుతుంది. కింది మడత మునిగిపోయినా పై మడత తడవదు. రోజూ వాటి అంచులు కుట్టే మయూరికి ఇది చెప్పాల్సిన పని లేదు. తేజస్ పై టవలు తడిమి ఎండగా ఉందన్నాడు. ఎవరు తడిమినా అదే అంటారు.

ఒక్కొక్కటి బయట పరిచింది. కిందికి పోయేకొద్దీ పాతవి. అట్టడుగువి గట్టిపడిపోయాయి, నల్లగా బూజు పట్టాయి, నీళ్లు వచ్చి ఆరి, మళ్లీ వచ్చి ఆరి, మరక చుట్టూ మరక వలయాలు కట్టి ఉన్నాయి. ఆ వలయాలు పది రోజులలో వచ్చేవి కావు.

"భరత్! ఇటు రా."

వాడు వచ్చాడు. చూశాడు. వంగి ఒక టవలును ముట్టుకున్నాడు.

"ఇంత తడి ఇక్కడున్నదా?"

"ఇవి ఎవరు పెట్టిర్రు?"

"నేను ఒకటే పరిచిన."

వాడు ఒకటే పరిచాడు. మిగతావి ఎవరో ఒక్కొక్కటే పెట్టారు. విసిరి పారేసినవి కావు. కొస మీదికి కొస వచ్చేలా మడిచి, మడతను బయటి వైపు తిప్పి, చదునుగా పెట్టినవి. ఆ మడత మయూరికి తెలుసు. ఇంట్లో ప్రతి బట్టా అదే మడతలో ఉంటుంది.

కార్ఖానాలో ఇది ఎవరైనా చేసే పనే. మిషను నుంచి నూనె కారుతుంది. కింద నూలు మీద పడితే మరక, మరకకు కూలి కోత. బాగుచేసే జాబర్‌ను పిలిస్తే మిషను ఆపుతాడు. మిషను ఆగినంతసేపు కూలే లేదు. అందుకని కారేచోట చిందీ పెడతారు, పాత గుడ్డపేలిక. నానితే దాని మీద ఇంకోటి. కండెల మిషను ముందు యల్లమ్మ జీవితమంతా ఈ పని చేసింది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముక్క లెక్కన కూలి ఇచ్చే సేఠ్‌లే నేర్పారు. ఆపవద్దు, చెప్పవద్దు, చిందీ పెట్టు. ఆస్పత్రికి పోయినప్పుడల్లా కొడుకు కారులో కాళ్ల కింద తడి తగిలితే, ఆమె మరో ఆలోచన లేకుండా సంచిలోంచి ఒక టవలు తీసి పెట్టింది.

"కాళ్లు మండుతున్నయ్ బిడ్డా," అని అంటూ ఉండేది. మయూరి డాక్టరుకు చెప్పింది. షుగరు చూడాలన్నాడు డాక్టరు. ఆ రోజు మోహోళ్ దాకా యల్లమ్మ కాళ్లు సీటు మీదికి మడుచుకునే కూర్చుంది.

"తడిగున్నదని నాకెందుకు చెప్పలే?" భరత్ అడిగాడు.

"చెప్తే నువ్వు బండి ఆపుదువు."

"ఆపుదునా?"

వాడే "ఆపకపోదును" అన్నాడు.

డబ్బాలో నీళ్లు నింపి ఇంజను నడిపించాడు. మయూరి తల్లి కూర్చునే చోట మోకరించి, డాష్‌బోర్డు కింద చేయి చాపింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అరచేతిలో ఒక చుక్క పడింది. కాలేంత వేడి. ఇంకోటి పడింది.

"హీటర్," అన్నాడు భరత్. చలిదేశాల్లో వేడిగాలి ఇవ్వడానికి లోపల చిన్న డబ్బా ఉంటుంది, ఇంజను నీళ్లు అందులోంచి తిరిగి వస్తాయి. సోలాపూర్ ఎండలో దాన్ని ఎవడు వాడతాడు? వాడకపోయినా నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. అది చిల్లిపడింది. కొన్ని నెలలు చుక్కచుక్కగా కారింది. ఆ రోజు పెద్ద రోడ్డు మీద, ఇంజను జోరుకు ఒక్కసారే వదిలేసింది. అమ్మకు గాలి ఆడాలని అద్దాలన్నీ దించి ఉన్నాయి, ఆవిరి బయటికి పోయింది. నీళ్లను టవళ్లు తాగాయి. ఫోనులో చెబితే తేజస్ "ఆయ్లా!" అని, "చేయి వెట్టి గూడ తెల్సుకోలే," అన్నాడు.

మయూరి తడి టవళ్లను బకెట్లో వేసుకుని లోపలికి పోయి తండ్రి ముందు పెట్టింది. జరిగింది చెప్పింది. సిద్ధరాములు పైదాన్ని తీసి బొటనవేలితో నొక్కాడు. నీళ్లు ఊరాయి. అడుగుదాన్ని తీసి వెలుతురుకు పట్టి, వలయాల మీద వేలు తిప్పాడు.

"ఇది పాతది."

"అవును బాపూ."

"మడత దానిదే." టవలును మళ్లీ అదే మడతలో పెట్టాడు. "చిందీ వెట్టింది."

గోడ వైపు చూస్తూనే కొడుకుతో అన్నాడు. "పొద్దుగాల్ల గుండు గీయించుకో."

భరత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "రేపు మందికి ఏం చెప్తవు బాపూ?"

"నా కొడుకు నీళ్లు పోసిండని చెప్త."

"మరి నీళ్లెటు పోయినయని అడుగుతరు."

సిద్ధరాములు టవలును బకెట్లో పెట్టాడు.

"చెప్పొద్దు," అన్నాడు భరత్. "సీతాబాయి ఏమంటదో నాకెర్కే. తన చావు తనే తెచ్చుకున్నదంటది. ఉండనియ్యి. నేనే మర్సిపోయినని ఉండనియ్యి."

"నీకేమన్న పిచ్చా?" మయూరి అంది. "బతికున్నోని మీద నింద పెట్టి సచ్చినామెను కాపాడుతవా?"

"అమ్మ గదనే."

"అమ్మనే. అయితే?"

ఎవరూ తేల్చలేదు. తినకుండా పడుకున్నారు.

మర్నాడు స్మశానం పక్క రేకుల షెడ్డు కింద చుట్టాలు, గల్లీవాళ్లు, కార్ఖానా రాత్రి షిఫ్టు దిగినవాళ్లు చేరారు. గుండుతో వచ్చిన భరత్‌ను చూసి గుసగుసలు లేచాయి. సీతాబాయి గుసగుసలాడే మనిషి కాదు.

"ఏంది సిద్ధన్నా, పోరణ్ని తోల్కొచ్చినవు?"

"వాడు నీళ్లు పోసిండు," అన్నాడు సిద్ధరాములు.

"పోస్తే మరి నీళ్లెటు పోయినయే? నేను గుడ్డిదాన్నా?"

సిద్ధరాములు కొడుకు వంక చూశాడు. భరత్ నోరు తెరిచాడు. "మావశీ, నేనే ఆ దినం…"

"వాడు అబద్ధం చెప్తడు, ఇనకుర్రి." మయూరి ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు. లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. హీటరు చిల్లి, కాళ్ల కింద తడి, టవలు మీద టవలు. "మా అమ్మకు తెల్సు, తడిగున్నదని. చెప్పలే. చిందీ వెట్టింది."

సీతాబాయి నోట్లో మాట రెడీగా ఉంది. అది బయటికి రాకముందే మయూరి అడిగింది. "నీ మిషను కింద ఎన్ని చిందీలున్నయి మావశీ?"

సీతాబాయి చీర కొంగు సర్దుకుంది.

"మీ సాంచాల కింద?" మయూరి మగవాళ్ల వైపు తిరిగింది. "ఎవ్వలన్న సాంచా బందు వెట్టి, ఇది కారుతుంది, బాగుచెయ్యి అని సేఠ్‌కు చెప్పినోళ్లున్నరా? చేయి లేపుర్రి."

"నా సాంచా కిందైతే గోనెసంచే ఉంది," అన్నాడు వెనక నుంచి ఒకాయన. ఎవరూ నవ్వలేదు. నవ్విద్దామని అన్నట్టు కూడా లేదు.

"నాకన్న చెప్పొద్దా ఆమె," అంది సీతాబాయి చివరికి. "పక్కపక్కన కూసొని కండెలు చుట్టినోళ్లం."

"చెప్తే నువ్వేం జేద్దువు?"

సీతాబాయి ఆలోచించింది. ఆమె నోటి దురుసుదే కానీ అబద్ధాలకోరు కాదు.

"ఇంకో టవలిద్దును," అంది.

బ్రాహ్మడికి ఇంకో ఇంట్లో పని ఉంది. పొద్దు పోతోంది, కానియ్యండి అన్నాడు. సిద్ధరాములు పక్కకు జరిగి పీట వదిలాడు. భరత్ కూర్చున్నాడు. చెప్పినప్పుడు నీళ్లు వదిలాడు, చెప్పినప్పుడు నువ్వులు వేశాడు, అన్నం ముద్దను ఆకు మీద పెట్టాడు. జనం ఒక్కొక్కరే లేచారు, రెండో షిఫ్టుకు పోవాల్సినవాళ్లు ముందు. సీతాబాయి పోతూ భరత్ గుండు మీద అరచేయి పెట్టి, ఒక క్షణం ఉంచి, తీసేసింది.

"అయిపోయిందా?" భరత్ బ్రాహ్మణ్ని అడిగాడు.

"అయిపోయింది."

వాడు లేవలేదు. ఇంకా ఏదో చెబుతారన్నట్టు కూర్చునే ఉన్నాడు. సిద్ధరాములు వచ్చి మోచేయి పట్టుకుని లేపాడు.

"నడువు భరత్," అన్నాడు.